కంప్యూటరు బొమ్మలు: తప్పు నెచట వెదకవలెను?

గడచిన వార్షికోత్సవమునాడు మన వేదికపై కట్టిన ఫ్లెక్సీని చూచినవారు దానిపైని పాఠశాల చిహ్నమును ఇంకను మఱచియుండరని తలంచుచున్నాము. మూడడుగుల వెడల్పున అచ్చువేయించిన ఆ చిహ్నములో దీపము దీపమువలె లేదు, తెఱచిన గ్రంథము గ్రంథమువలె లేదు. అంచులన్నియు మెట్లుమెట్లుగా విఱిగి, వలయము చుట్టును మసిపట్టినట్లు ఒక ఛాయ వ్యాపించియుండెను. పందిటిలో వెనుక వరుసను కూర్చున్న పెద్దమనిషి యొకరు, "అది యేమండీ, కోటబురుజా?" అని మమ్మునే యడిగిరి. అచ్చువేసినవారి దోషమని కొందఱును, సామగ్రి నాసిరకమని కొందఱును అనుకొనిరి. అవి రెండును నిజము కావు. దోషము మాది.

అది యెట్లు మాదైనదో చెప్పుటయు, కంప్యూటరుపై బొమ్మలు వేయు పిల్లలకు పని చెడినప్పుడు పెద్దలమైన మనము చేయుచున్న దానినిగూర్చి మా యభిప్రాయమును తెలుపుటయు ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. వివరములు కొన్ని విసుగు పుట్టింపవచ్చును. ఐనను సంగతి యంతయు వివరములలోనే యున్నది గనుక చదువరులు కొంత ఓపిక పట్టవలెనని వేడుచున్నాము.

మన చిహ్నముయొక్క మూలచిత్రము పాఠశాలలో లేదు. రబ్బరు ముద్రపైనను ఉత్తరముల కాగితముపైనను ఉన్న చిన్న బొమ్మయే మిగిలినది. దానిని స్కానరుపై నుంచి తీసిన ప్రతి అడ్డముగా 300 చుక్కలు గలది. ఈ చుక్కలనే పిక్సెళ్లందురు. అంగుళము వెడల్పున కాగితముపై వేసినచో ఆ అంగుళములోనే 300 చుక్కలును పడి బొమ్మ చక్కగా కనబడును. దానినే మూడడుగులకు, అనగా 36 అంగుళములకు సాగదీసినచో అంగుళమునకు సుమారు ఎనిమిది చుక్కలే వచ్చును. ఒక్కొక్క చుక్క మూడు మిల్లీమీటర్ల పలకయై కూర్చుండును. కోటబురుజు అట్లు లేచినది.

ఇది మేము ఎఱుగనిది కాదు. ఎఱిగియుండియే, చిహ్నమును చుక్కలుగా గాక ఆకారములుగా మఱల గీయింపదలచితిమి. ఈ భేదము తెలియనివారికి మన వీథిలోని ముంగిళ్లలో వేయు చుక్కల ముగ్గు మంచి దృష్టాంతము. నేలపై రాలిన పిండి వేఱు, ముగ్గు వేఱు. నడుమ పదునైదు చుక్కలు పెట్టి, ఇరువైపుల తగ్గించుచు ఒకటి వచ్చువఱకు పోయి, గీతను ఎచట ఎట్లు త్రిప్పవలెనో తల్లి కూతునకు చెప్పు మాట యున్నది చూడుడు, అదియే ముగ్గు. ఆ మాట తెలిసిన పిల్ల అరుగు మేరలోనైనను వీథి మేరలోనైనను అదే ముగ్గును వేయగలదు. రాలిన పిండిని చీపురుతో నలువైపుల జరిపి ముగ్గును పెద్దది చేయజూచినచో ఖాళీలే మిగులును. కంప్యూటరులో ఫోటో పిండివంటిది. ఆకారము తల్లి చెప్పిన మాటవంటిది. వంపుగీతకు మొదలు, తుది, దానిని తమవైపు లాగు రెండు బిందువులు, ఇంతమాత్రమే యంత్రము జ్ఞాపకముంచుకొని కావలసిన మేరకు అప్పటికప్పుడు గీయును.

ఈ వంపుల గణితము బొమ్మలు వేయువారు కనిపెట్టినది కాదు. కార్ల రేకులను ఏ వంపున మలచవలెనో కొలతలలో చెప్పుటకై ఫ్రాన్సు దేశమున పుట్టినది. సిత్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్తెల్జో 1959లో దీనిని మొదట సాధించెను. ఆ సంస్థవారు దానిని రహస్యముగా నుంచిరి. రెనో సంస్థలో పనిచేసిన పియేర్ బెజియే 1960వ దశకమున తన పద్ధతిని లోకమునకు వెల్లడించెను; కావున వంపులకు బెజియే పేరే నిలిచినది. దీపపు జ్వాలను గీయు మన పిల్లలు కారు రేకుల లెక్కనే వాడుచున్నారని చెప్పినచో వారికి మిక్కిలి సంతోషము కలుగును. మేము చెప్పి చూచితిమి.

ఇక జరిగిన సంగతి. తొమ్మిదవ తరగతిలో చేతిపని నేర్పుగల బాలిక నొకతెను ఈ పనికి ఏర్పఱచితిమి. ఫోటోషాపులో బయటి నీలపు వలయమును మేమే గీచి చూపితిమి. దీర్ఘవృత్తపు సాధనమును తీసికొని ఆల్టు మీటతో లాగినచో మొదట తాకిన చోటు కేంద్రమగుననియు, షిఫ్టుకూడ తోడైనచో ఆకారము కోడిగ్రుడ్డువలె పోక గుండ్రముగా వచ్చుననియు బోధించితిమి. "మీట నొక్కి లాగుము" అని మా మాట. ఈ మాటను చదువరులు గుఱుతుంచుకొనవలెను.

బాలిక కూర్చుండి, వలయము నడుమ జ్వాలకొఱకు చిన్న దీర్ఘవృత్తమును గీచెను. జ్వాల రాలేదు. జ్వాల యుండవలసిన చోట వలయమునకు రంధ్రము పడి వెనుకనున్న తెలుపు కనబడెను. రద్దుచేసి మఱల గీచెను, మఱల రంధ్రమే. మమ్ము పిలిచెను. మేము మౌసును ఆమె చేతినుండి తీసికొని గీచితిమి. జ్వాల క్రొత్త లేయరుపై చక్కగా వచ్చెను. దానికి పసుపురంగును ఇచ్చి చూపితిమి. పిమ్మట మా జ్వాలను తీసివేసి ఆమెను గీయుమంటిమి. మఱల రంధ్రము.

"ఏమి నొక్కుచున్నావు?" అని యడిగితిమి.

"మీరు చెప్పినట్టే ఆల్టు నొక్కుతున్నానండీ, మాస్టారూ. గీయకముందే ప్లస్ గుర్తు పక్కన చిన్న గీత వస్తోందండీ" అనెను.

మేము ఆ మాటను వినలేదు. వినలేదనుట సరికాదు, విని, అడిగినదానికి అది సమాధానము కాదని త్రోసివేసితిమి. కంప్యూటరును ఆర్పి మఱల నడిపితిమి. ప్రక్కనున్న మఱొకదానికి మార్చితిమి. అచటను ఆమెకు రంధ్రమే, మాకు జ్వాలయే. ఇక సందేహమేమున్నది? చేతిలో జాగ్రత్త లేదని తీర్మానించి, "తరగతికి పొమ్ము, అమ్మాయీ, ఇది నీవలన కాదు" అంటిమి. మఱి నలుగురు పిల్లలు వినుచుండగా అంటిమి. ఉత్సవమునకు రెండు దినములే మిగిలియుండెను. దిద్దవలసిన పరీక్షపత్రములు బల్లపై కట్టలుగా నుండెను. 300 చుక్కల పాత బొమ్మనే అచ్చునకు పంపితిమి.

క్రొత్త విద్యాసంవత్సరమున జూలై మాసములో, ఎనిమిదవ తరగతికి అదే పాఠమును కాగితముపై వ్రాసి యిచ్చితిమి. ఆ తరగతిలో అన్ని విషయములందును మొదటివాడైన బాలుడు కాగితమును అక్షరము తప్పకుండ అనుసరించి గీచెను. వానికిని రంధ్రము పడెను. ఈ పిల్లవాడు పొరబడడను నమ్మకముతో వాని ప్రక్కను కూర్చుండి, మఱల చేయుమని వాని చేతిని చూచితిమి. వాడు మొదట ఆల్టును నొక్కెను. తెఱపై సాధనపు గుఱుతు ప్రక్కను చిన్న అడ్డగీత పుట్టెను. పిమ్మట మౌసును నొక్కి లాగెను. అప్పుడు మా చేతిని మేము చూచుకొంటిమి. మేము మౌసును మొదట నొక్కి, లాగుట మొదలిడిన పిదప ఆల్టును తాకుచున్నాము. ఎన్నియో యేండ్ల అలవాటు. చేయి చేయునది నోరు ఎఱుగదు. నోరు మాత్రము "మీట నొక్కి లాగుము" అని పాఠము చెప్పుచున్నది.

ఆ బాలునికి అరగంట ఇచ్చితిమి. ఆ బాలికకు అరనిమిషమైనను ఇయ్యలేదు. ఇది వ్రాయుటకు సిగ్గుగానున్నది.

యంత్రము తప్పుచేయలేదు, బాలికయు చేయలేదు. ఫోటోషాపులో ఒక ఆకారపు లేయరు ఎన్నుకొనబడి యున్నప్పుడు, లాగుటకు ముందే ఆల్టును నొక్కినచో "ఉన్నదానినుండి దీనిని తీసివేయుము" అని అర్థము. అందులకే తీసివేత గుఱుతు తెఱపై కనబడును. బాలిక చూచిన "చిన్న గీత" అదియే. లాగుట మొదలైన పిదప ఆల్టును నొక్కినచో "ఇచటినుండి నలువైపులకు పెంచుము" అని అర్థము. షిఫ్టు సంగతియు ఇట్టిదే. ముందుగా నొక్కినచో క్రొత్త ఆకారము పాతదానిలో కలిసిపోవును. పిమ్మట నొక్కినచో వలయము గుండ్రమగును. కలిసిపోయిన యాకారములు ఒకే లేయరువి గనుక ఒకే రంగును పొందును. దీపమునకు గోధుమవన్నె నిచ్చిన వెంటనే జ్వాలయు గోధుమవన్నె యగుచున్నదని ఏడ్చు పిల్లలు ఈ కారణముననే ఏడ్చుచున్నారు. ముందు నొక్కిన మీట పని యయినయెడల, లాగుట మొదలైన తరువాత దానిని వదలి మఱల నొక్కవచ్చును. అప్పుడు రెండవ యర్థము వచ్చును. ఒకే మీటకు రెండర్థములు. భేదమంతయు ముందువెనుకలలో నున్నది.

ఇది యొక్క ఫోటోషాపు చోద్యము కాదు. ఉచితముగా లభించు గింప్‌లో దీర్ఘవృత్తముగా ఎంపికచేయు సాధనమును చూడుడు. షిఫ్టు ముందు నొక్కినచో ఎంపికకు మఱొక భాగము చేరును, లాగుచు నొక్కినచో నిష్పత్తి నిలుచును. కంట్రోలు ముందు నొక్కినచో కొంత తీసివేయబడును, లాగుచు నొక్కినచో కేంద్రమునుండి పెరుగును. ఇంక్‌స్కేపులో కేంద్రమునుండి గీయుటకు షిఫ్టు కావలెను, గుండ్రముగా వచ్చుటకు కంట్రోలు కావలెను. ఒకదానిలో నేర్చిన చేయి మఱొకదానిలో తడబడును. ఆ తడబాటును పిల్లల మందబుద్ధిగా లెక్కించుట సులభము. మాకును సులభమే యైనది.

ఆగష్టులో ఆ బాలికను, ఇప్పుడు పదవ తరగతిది, కంప్యూటరు గదికి పిలిచి, అప్పుడు విన్న పిల్లలుకూడ నుండగా సంగతి చెప్పి, తప్పు మాదని ఒప్పుకొంటిమి. "పర్వాలేదండీ" అనెను. పిల్లలు అట్లే అందురు. అంతటితో పర్వాలేదని మనము అనుకొనరాదు.

చిహ్నమును మఱల గీయుమని ఆమెనే కోరితిమి. ఈసారి ఒక నియమము పెట్టుకొంటిమి: ఆమె మౌసును మేము తాకము. మూడు వారములు, వారమునకు రెండు గంటలు ఆమె ప్రక్కను చేతులు కట్టుకొని కూర్చుంటిమి. ఉపాధ్యాయునికి ఇంతకంటె కష్టమైన పని లేదు. ఆ గంటలలో ఆమెకు పని చెడిన తావులను, చెడినప్పుడు ఆమె దేనిని చూచి కనుగొనెనో దానిని కొంత చెప్పెదము. ఇతర పిల్లలకు ఉపయోగపడవచ్చును.

ఒకనాడు గ్రంథపు పుటలు గీచెను. గీత కనబడెను గాని రంగు లేదు, లేయర్ల పట్టికలో క్రొత్త లేయరు పుట్టలేదు. సాధనమునకు తెఱపై భాగమున నుండు పట్టీలో మూడు పదములు గల చిన్న జాబితా యున్నది: షేప్, పాత్, పిక్సెల్స్. షేప్ అనునది మనకు కావలసిన ఆకారము. పాత్ అనునది ఉత్త గీటు. కంటికి కనబడును, అచ్చులో రాదు. పిక్సెల్స్ అనునది పిండి. వేసినచో పడును, పిమ్మట పెంచినచో చెదరును. జాబితా పాత్‌పై నిలిచియుండెను. ముందు గంటలో కూర్చున్న పిల్లవాడు మార్చిపోయెను. యంత్రము కడపటివాని కోరికను జ్ఞాపకముంచుకొనెను. ఒక్కొక్క కంప్యూటరు ముందు ముగ్గురేసి కూర్చుండు మన గదిలో ఇది దినదినము జరుగును. ఆమె ఎట్లు కనుగొనెను? మా వలయమును, తన పుటలను రెంటిని ఒకదాని తరువాత నొకటి ఎన్నుకొని, పైపట్టీలో ఏది మాఱుచున్నదో చూచెను. మేమెవ్వరమును నేర్పని యుపాయమది.

మఱొకనాడు గీచినది అసలు కనబడలేదు. లేయరు మాత్రము పుట్టెను. రంగు నింపు గడిలో తెల్లనిదానిపై ఎఱ్ఱని ఐమూల గీత యుండెను. అనగా ఏ రంగును లేదని గుఱుతు. అంచు గడిలోను అదే. ఆకారమున్నది, కట్టుకొనుటకు బట్ట లేదు. ఇంక్‌స్కేపు వాడువారికి ఇదే చిక్కు మఱొక వేషమున వచ్చును. కడపట వాడిన వన్నెయే క్రొత్త యాకారమునకు సంక్రమించును గనుక, మునుపటివాడు పూర్తిగా పారదర్శకముగా చేసిపోయినచో క్రొత్తవాని చతురస్రము అదృశ్యమై పుట్టును. అట్లే మునుపటివాని గుండ్రని మూలలును సంక్రమించును. అది చెడిపోవుట కాదు, వారసత్వము.

పిల్లలు తఱచుగా తెచ్చు ఫిర్యాదు మఱొకటి కలదు. "ఆకారము ఎంత పెంచినను చెదరదంటిరి, దగ్గఱగా చూచినచో మెట్లు కనబడుచున్నవి" అందురు. నిజమే, కనబడును. ఫోటోషాపులో దస్త్రమునకే ఇన్ని చుక్కలని మేర యుండును; తెఱపై దగ్గఱకు తెచ్చినప్పుడు ఆ చుక్కలే పెద్దవగును. ఆకారముయొక్క మహిమ తెఱను దగ్గఱకు తెచ్చినప్పుడు గాక, బొమ్మ కొలతను నిజముగా పెంచినప్పుడు బయటపడును. కావలసిన మూడడుగుల కొలతను, చాలినన్ని చుక్కలను ముందే ఏర్పఱచి అందు గీయుట మేలు. అచ్చునకు పంపునప్పుడు జేపెగ్‌గా మార్చినచో ఆకారములు చుక్కలైపోవును. పీడీఎఫ్‌గా పంపినచో ఆకారములుగానే యుండగలవు. పాత చిహ్నమును అంతర్జాలమునుండి జిఫ్ రూపమున దింపి, దానిపై ఆకారము వేయబోయి, షేప్ పనిచేయుట లేదని మొఱపెట్టిన పిల్లవాడొకడు కలడు. పరిమితమైన రంగుల పట్టికతో నడచు ఆ రూపములో క్రొత్త లేయర్లకు చోటు లేదు. రంగుల పద్ధతిని ఆర్‌జీబీకి మార్చగానే పని సాగెను.

ఈ చిక్కులు ఇన్ని యేల యనగా, అందులకును చరిత్ర కలదు. థామస్ నోల్, జాన్ నోల్ అను సోదరుల కృషివలన పుట్టి 1990లో వెలువడిన ఫోటోషాపు పేరునకు తగినట్లు ఛాయాచిత్రములకై యేర్పడినది. ఆకారపు లేయర్లు 2000 సంవత్సరమున ఆఱవ కూర్పులో వచ్చినవి. ఇల్లు పిండికొఱకు కట్టబడినది. ముగ్గు పదియేండ్ల తరువాత వచ్చిన చుట్టము. అందుచేతనే అడుగడుగునను "నీవు ఆకారముగా వచ్చితివా, చుక్కలుగా వచ్చితివా?" అని గుమ్మమున అడుగుచుండును. ఆకారములకే యేర్పడిన ఇంక్‌స్కేపు 2003లో బయలుదేరినది. దాని దస్త్రములు 2001లో నిర్ణయింపబడిన ఎస్‌విజి పద్ధతిలో నుండును. అది ఉచితము. మన గదిలో చిహ్నములు, పటములు, రేఖాగణిత చిత్రములు గీయుటకు దానినే మొదట నేర్పవలెనని మేము కోరుచున్నాము. హెడ్మాస్టరుగారికి ఈ విషయమై వ్రాసియున్నాము.

ఐనను ఏ సాధనమును నేర్పినను మా ముఖ్యాభిప్రాయము మాఱదు. గణితములో పిల్లవాని లెక్క తప్పినప్పుడు మనమేమి చేయుదుము? మెట్లు చూపుమందుము. వాని పలకను లాగికొని, లెక్కను మనమే చేసి, "ఇదిగో, వచ్చినదికదా" అని వెనుకకిచ్చు ఉపాధ్యాయుడున్నచో నవ్వుదుము. ట్రెయినింగు కళాశాలలో మాకు బోధనాభ్యాసము నేర్పిన పెద్దలు, తప్పును దిద్దుటకు ముందు ఆ తప్పును మఱల చేయించి కన్నులార చూడుమని చెప్పెడివారు. నల్లబల్లయొద్ద ఆ మాట మఱువలేదు. కంప్యూటరు గదిలో అడుగు పెట్టగానే మఱచితిమి. అచట పిల్ల చేయి చూపకముందే మన చేయి మౌసుపైకి పోవుచున్నది. మన చేతికి పని జరుగుటయే ఆ పిల్ల తప్పునకు సాక్ష్యమగుచున్నది. మా విషయమున ఆ సాక్ష్యమే అబద్ధసాక్ష్యమైనది.

దీనికి సహోపాధ్యాయులు కొందఱు చెప్పు అభ్యంతరము తేలికగా త్రోయదగినది కాదు. గంట యనగా నలుబది నిమిషములు. ముప్పదిమందికి పైగా పిల్లలు. ఒకతె తప్పును వెదకుచు కూర్చున్నచో తక్కినవారి పాఠమేమగును? కంప్యూటరును ఆర్పి నడుపుట, లేదా మనమే సరిచేసియిచ్చి ముందుకు సాగుట తప్ప గత్యంతరమేమి? నిజమే, ఆర్పి నడిపినచో కొన్ని చిక్కులు తీరును. కాని తీరినచో కారణము తెలియదు, తీరకున్నచో నింద పిల్లపై పడును. మా లెక్కను ఒకసారి చూడుడు. ఆనాడు రెండు కంప్యూటర్లను మార్చుటకును, ఆర్పి నడుపుటకును, మందలించుటకును మాకు పట్టినది ఇరువది నిమిషములకు తక్కువ కాదు. "ఆ చిన్న గీత యెచ్చట, చూపుము" అని యడుగుటకు అరనిమిషము చాలియుండెడిది.

మఱికొందఱు, చిక్కులన్నిటిని ఒక పట్టికగా వ్రాసి గోడకు అంటింపుమందురు. జూలైలో మేము ఇచ్చినది అట్టి కాగితమే. అందులో వ్రాసిన మాటయే రంధ్రము పొడిచినది. పట్టిక వలదనము, కాని దానిని పిల్లల చేతులను చూచి వ్రాయవలెను, మన జ్ఞాపకమునుండి కాదు. ఇప్పుడు గదిలోనున్న పట్టికను ఆ బాలిక, ఆ బాలుడు కలిసి వ్రాసిరి. అందులో మొదటి పంక్తి మీటలను గూర్చినది కాదు. "గుర్తు పక్కన ఏముందో చూడు" అని యున్నది. భాష వ్యావహారికము. దిద్దబోయి మానుకొంటిమి.

తలిదండ్రులలో కొందఱు, బొమ్మలు గీయుట మార్కులకు పనికిరాదుగదా యని యడుగుచున్నారు. పట్టణములో ఫ్లెక్సీ అంగళ్లలోను, పెండ్లిపత్రికలు కూర్చు డీటీపీ కేంద్రములలోను మన పూర్వవిద్యార్థులు పనిచేసి ఇండ్లు నడుపుచున్నారని మాత్రము జవాబిచ్చెదము.

తెలుగు అక్షరముల సంగతి చెప్పి ముగించెదము. చిహ్నము చుట్టును పాఠశాల పేరును తెలుగున వ్రాయునప్పుడు ఆ బాలికకు "ఉన్నత" అను పదములో ఒత్తు విడిపోయి ప్రక్కకు వచ్చి నిలిచెను. అక్షరములను కూర్చు పద్ధతిని భారతీయ లిపులకు తగినట్లు ఏర్పఱుపని యెడల ఫోటోషాపులో ఇట్లు జరుగును. అమరికలలో దానిని మార్చినంతనే ఒత్తు తన యింటికి చేరెను. పిమ్మట, అచ్చుకూటమున ఆ అక్షరరూపము లేకున్నను చెడకుండుటకై, పేరునంతయు ఆకారములుగా మార్చవలెను. మార్చిన తరువాత అవి అక్షరములు కావు, వంపులు; దీర్ఘము తప్పిపోయినచో టైపుచేసి దిద్దుటకు వీలుపడదు. మార్పునకు ముందు ఆమె ఆ పేరును ముగ్గురిచేత చదివించెను, టైపుచేసిన ప్రతిని వేఱుగా దాచెను. ఇదియు మేము చెప్పినది కాదు.

ఈ సంచిక ముఖపత్రముపైనున్న చిహ్నము ఆమె గీచినదే. దీపము, జ్వాల, గ్రంథము, వలయము వేఱువేఱు లేయర్లపై పేర్లతో నున్నవి. కంప్యూటరు గదిలో ఎవరైనను తెఱచి చూడవచ్చును. వచ్చు ఫిబ్రవరిలో ఫ్లెక్సీ దీనినుండియే వేయింతుము. శ్రద్ధగా చూచువారికి జ్వాల కుడివైపున నడుమ ఒక చిన్న మడత కనబడును. వంపు నునుపుగా సాగక అచట విఱిగినది. దానిని సరిచేయుటకు ఆమె నాలుగు గంటలు కూర్చుండెను. ఇంతలో సంచిక అచ్చునకు పోవలసిన దినము వచ్చినందున అట్లే పంపితిమి. ఆ మడతకు కారణము మాకు తెలిసినట్లే తోచుచున్నది. ఇచట వ్రాయము, ఈ పత్రికను ఆమెయు చదువును.